చెక్క మీద పూత: వెనిస్, డమాస్కస్ పాత సామాన్లను చదవడం ఎలా

పాత సామాన్లు అమ్మేచోట ఒక సొరుగుల బల్ల ఉందనుకుందాం. లేతాకుపచ్చ మీద గులాబీ గుత్తులు, అంచుల వెంట బంగారు గీత, ముందువైపు కొద్దిగా ఉబ్బిన పొట్ట. దానికి కట్టిన చీటీ మీద "వెనిస్, 18వ శతాబ్దం, ఒట్టోమన్ ప్రభావం" అని రాసి ఉంది. ఒట్టోమన్లంటే ఇస్తాంబుల్ నుంచి ఏలిన తుర్కు సుల్తాన్లు. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిని చూసి చేసింది అన్న సంగతులన్నీ ఒక్క చీటీలో తేల్చేశారు. అన్నీ నిజమే కావచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు. ఎక్కువగా తారసపడేది ఈ రెంటికీ మధ్య రకం. చెక్క 18వ శతాబ్దానిదే అయి ఉంటుంది, రంగు మాత్రం వంద ఏళ్ళ కిందట కూడా లేదు. పింగాణీ పళ్ళెం మీద పువ్వుల తీరు తుర్కులది, కాల్చిన బట్టీ ఫ్లోరెన్స్‌ది. గడియారం ముఖం మీద అంకెలు ఇస్తాంబుల్ కోసం రాసినవి, లోపలి యంత్రం లండన్‌ది.

ఈ చిక్కు విప్పడానికి చాలామంది డిజైన్ దగ్గర మొదలుపెడతారు. తులిప్ పువ్వు కనిపిస్తే ఒట్టోమన్, గులాబీ కనిపిస్తే వెనిస్, చైనా గొడుగు కనిపిస్తే ప్యారిస్ అని లెక్క వేస్తారు. నాకది తలకిందుల పద్ధతి అనిపిస్తుంది. డిజైన్‌కు కాళ్ళుంటాయి. ఒక కాగితం మీద గీసుకుని ఎవరైనా ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. పూత అంత సులువుగా ఊరు మారదు. ఆ చుట్టుపక్కల దొరికే చెక్క, అక్కడి జిగురు, ఆ రేవులో దిగే బంక, ఆ పనివాళ్ళు తరాలుగా చేతికి తెచ్చుకున్న అలవాటు అన్నీ కలిస్తేనే ఆ పూత. అందుకే నేను పూత దగ్గరే మొదలుపెడతాను.

ఒకే మాట, మూడు పదార్థాలు

ముందుగా తేల్చుకోవలసింది "లక్క" అనే మాటను. సంస్కృతంలో లాక్షా, తెలుగులో లక్క. అదే మాట పారశీక, అరబ్బీ నోళ్ళలో లక్ అయి, మధ్యధరా సముద్రం దాటి ఇటలీలో లక్కా అయింది. ఇంగ్లిషువాళ్ళ లాకర్ కూడా అందులోంచి వచ్చిందే. మాట ఒక్కటే ప్రయాణం చేసింది గానీ, దాని వెనక ఉన్న సరుకు దారిలో రెండుసార్లు మారిపోయింది.

మన లక్క ఒక పురుగు ఇచ్చేది. చెట్ల కొమ్మల మీద గూడు కట్టే చిన్న పురుగు వదిలే బంక అది. ఏటికొప్పాకలో లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి కర్రను పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకుతో మెరుగు పెడతారు. చైనా, జపాన్ వాళ్ళది పూర్తిగా వేరు. అది ఒక చెట్టు పాలు. ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. విచిత్రం ఏమిటంటే అది ఎండలో ఆరదు, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. పదుల పొరలు వేసి, ప్రతి పొరనూ నునుపు చేస్తే వచ్చే ఆ నల్లని నిగనిగ 16, 17 శతాబ్దాల్లో ఓడలెక్కి యూరప్ చేరినప్పుడు అక్కడివాళ్ళు మతిపోయి చూశారు. ఆ చెట్టు యూరప్‌లో లేదు. ఆ పాలు ఓడలో నెలల తరబడి నిలవ ఉండవు.

దాంతో యూరప్ పనివాళ్ళు తమ దగ్గర ఉన్నవాటితో ఆ మెరుపును పట్టే ప్రయత్నం మొదలుపెట్టారు. వెనిస్‌లో "దెపెంతోరి" అనే రంగరుల సంఘం ఉండేది. వాళ్ళకు అందుబాటులో ఉన్నది శాండరాక్ అనే బంక, అంటే ఉత్తర ఆఫ్రికాలో పెరిగే సైప్రస్ జాతి చెట్టు నుంచి కారే పసుపు రంగు బంక. దాన్ని స్పిరిట్‌లో కరిగించి పూత మీద పూత వేశారు. ఆ పనికీ "లక్కా" అనే పేరే పెట్టారు. ప్యారిస్‌లో మార్టిన్ సోదరులు తమ వార్నిష్‌కు 18వ శతాబ్దంలో ఎంత పేరు తెచ్చుకున్నారంటే, అలాంటి పూత ఎవరు వేసినా "మార్టిన్ వార్నిష్" అనడం రివాజైపోయింది.

చీటీ మీద "లాకర్" అని ఉంటే ఏ లాకర్ అని అడగాలి. చెట్టు పాలదైతే ఆసియా నుంచి వచ్చినట్టు. శాండరాక్ అయితే చాలావరకు యూరప్ పని. లక్క పురుగుదైతే భారతదేశం నుంచి వెళ్ళిన సరుకు, పై పొరగా తర్వాతి కాలంలో ఎవరో పాలిష్ పట్టి ఉండవచ్చు కూడా.

మూల విరిగినచోట

వెనిస్ బల్ల మూల ఎక్కడైనా కాస్త చితికి ఉంటుంది. అదే దాని జాతకం. దగ్గరకు వెళ్ళి ఆ చితికిన చోటికి పక్కనుంచి టార్చి వేసి చూడండి. పైన తేనె రంగులో పలచటి గాజులాంటి పొర. దాని కింద ఆకుపచ్చ. ఆ కింద గోటి మందాన తెల్లటి సుద్ద పొర. అంతకంటే లోపల, అతుకు ఉన్నచోట, పాత బట్ట నేత కనిపించవచ్చు. అడుగున మెత్తని పైన్ చెక్క.

ఆ తెల్ల పొరను ఇటలీలో జెస్సో అంటారు. జిప్సం పొడినో సుద్దనో జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురుతో కలిపి, వేడివేడిగా పొరలు పొరలుగా వేసి, ఆరాక అరగదీస్తారు. చెక్క లోపాలు, కణుపులు, అతుకులు అన్నీ దాని కింద దాక్కుంటాయి. రంగు పడేది చెక్క మీద కాదు, ఈ పొర మీద. కొండపల్లిలో చేసేదీ ఇలాంటిదే. తెల్లపొణికి చెక్కకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేసి, ఆకారం దిద్ది, పైన సున్నం కొట్టి, అప్పుడు రంగు దిద్దుతారు. తేలికైన చవక చెక్క, దాన్ని కప్పే తెల్లని పొర, ఆ పైన మెరిసే లోకం. చేతిలో కొండపల్లి బొమ్మ విరిగి చూసినవాళ్ళకు వెనిస్ బల్ల అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఇక్కడ కొనుగోలుదార్లు తరచు పొరబడే ఒక సంగతి ఉంది. సొరుగు బయటికి లాగి చూస్తే లోపల పని మోటుగా ఉంటుంది. పలకలు వంకర, మేకులు పైకి తేలి, అడుగున రందా పట్టనైనా పట్టలేదు. "ఇంత ఖరీదైన సామాను ఇలా ఉంటుందా, ఇది నకిలీ" అని వెనక్కి తగ్గుతారు. నిజానికి వెనిస్ పని అలాగే ఉండేది. అదే కాలంలో ప్యారిస్ వడ్రంగులు దృఢమైన ఓక్ పెట్టెకు విదేశాల కలప పలచటి రేకులుగా కోసి అతికించేవారు, కాబట్టి అక్కడ వడ్రంగం కచ్చితంగా ఉండాలి. వెనిస్‌లో గౌరవమంతా రంగరిది. లోపల గీసి పెట్టినట్టు నునుపుగా, మూలమట్టానికి ఒక వెంట్రుక వాసి తేడా లేకుండా ఉన్న "వెనిస్ బల్ల" కనబడితేనే నాకు అనుమానం వస్తుంది.

రంగరికి డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళ కోసం ఇంకో దారి పుట్టింది. వెనిస్‌కు వాయవ్యంగా ఉన్న బస్సానో ఊళ్ళో రెమొండిని అనే కుటుంబం పెద్ద అచ్చుపని నడిపేది. వాళ్ళు పువ్వులు, పక్షులు, వేటగాళ్ళు, చైనా బొమ్మలు నిండిన కాగితాలు అచ్చు వేసి అమ్మేవారు. వాటిని కత్తెరతో కత్తిరించి, బల్ల మీద అంటించి, రంగులు దిద్ది, మీద వార్నిష్ పొరల మీద పొరలు పోస్తే కాగితం అంచు మునిగిపోతుంది. దీనికి "లక్కా పోవెరా", అంటే బీదవాళ్ళ లక్క అని పేరు. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు బొమ్మ చుట్టూ సన్నని మెట్టులా కాగితం అంచు కనిపిస్తుంది, ఒక్కోసారి అచ్చు గీతలు కూడా. బీదల లక్క అన్న పేరు ఇప్పటికీ ఉంది గానీ, ఆనాటి అసలు సామాను ఇవాళ బీదవాళ్ళకు అందేది కాదు. చేత్తో గీసిన అసలైన పని ఎలా ఉంటుందో చూడాలంటే వెనిస్‌లో కా రెజ్జోనికో మ్యూజియంలోని ఆకుపచ్చ లక్క గది ఉంది. కాల్బో క్రొత్తా కుటుంబం భవనం నుంచి వచ్చిన ఆ సామానులో ముదురాకుపచ్చ మీద బంగారు చైనా మనుషులు నడుస్తుంటారు. చైనాను ఎన్నడూ చూడని చేయి గీసిన చైనా అది.

కుర్చీలు లేని ఇల్లు

"ఒట్టోమన్ ఫర్నిచర్" అనే మాటే ఒక తిరకాసు. 19వ శతాబ్దానికి ముందు ఇస్తాంబుల్‌లో ఎంత కలవారి ఇల్లయినా, మనం ఫర్నిచర్ అనుకునేవి దాదాపు ఉండవు. గోడ వెంబడి సెదిర్ అనే తక్కువ ఎత్తు అరుగు, దాని మీద పరుపులు, బాలీసులు. భోజనానికి గుండ్రటి పెద్ద పళ్ళెం తెచ్చి పొట్టి పీట మీద పెడతారు, తిన్నాక తీసేస్తారు. రాత్రి పక్కలు పరుస్తారు, పొద్దున చుట్టి గోడలోని యూక్లూక్ అనే పెద్ద అలమారలో సర్దేస్తారు. తలపాగా పెట్టడానికి గోడకు ఒక చిన్న చెక్క అర. బట్టలకు పెట్టెలు. పడకగది, భోజనాల గది అని వేరువేరుగా ఉండవు. ఒకే గది పూటపూటకూ పని మార్చుకుంటుంది. ఇది మన పల్లెటూరి పెద్ద ఇళ్ళకు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు.

సామాను లేని ఇంట్లో రంగరి పనంతా గోడకు, కప్పుకు, అలమార తలుపులకు, పెట్టెలకు వెళ్ళింది. తోప్‌కాపీ ప్రాసాదంలో మూడో అహ్మద్ సుల్తాను 1705లో తన కోసం చేయించుకున్న చిన్న గదిని "పండ్ల గది" అంటారు. చుట్టూ చెక్క పలకల మీద కూజాల్లో పూలు, గిన్నెల్లో పండ్లు, వరస తర్వాత వరస. ఇలాంటి పనికి ఎదిర్నె నగరం పేరు మీద ఎదిర్నెకారీ అనే పేరు స్థిరపడింది. ఇస్తాంబుల్ చేతికి రాకముందు ఒట్టోమన్ల రాజధాని ఎదిర్నె. ఆ "కారీ" మన కలంకారీలోని కారీయే, పారశీకంలో పని అని అర్థం. పెట్టెల మీద, పుస్తకాల అట్టల మీద, విల్లుల మీద, కప్పుల మీద పూల గుత్తులు గీసి వార్నిష్ వేసే పని అది. 18వ శతాబ్దంలో ఈ పూల పనికి అలీ ఉస్కుదారీ పేరు మోగింది.

దివాన్, సోఫా, ఒట్టోమన్ అనే మాటలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చాయో కూడా ఇక్కడే తేలుతుంది. దివాన్ అంటే మొదట లెక్కల పుస్తకం, తర్వాత కచేరీ, ఆ కచేరీలో గోడ వెంట వేసిన పరుపు, చివరికి ఫర్నిచర్ షాపులో మనం బేరమాడే దివాన్ కాట్. సోఫా అరబ్బీలో సుఫ్ఫా అనే అరుగు. ఇక "ఒట్టోమన్" అనే మెత్తటి పీట ఏ ఒట్టోమన్ ఇంట్లోనూ ఆ పేరుతో లేదు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో తుర్కుల మీద మోజు పుట్టినప్పుడు అక్కడి సామాన్లవాళ్ళు పెట్టుకున్న పేరది. 1721లో ఇస్తాంబుల్ రాయబారి మెహ్మెద్ చెలెబి ప్యారిస్‌లో అడుగుపెట్టినప్పుడు ఊరంతా ఎగబడి చూసింది. 1777లో రాణి మరీ ఆంత్వానెత్‌కు ఫాంతెన్‌బ్లో ప్రాసాదంలో ఒక "తుర్కు గది" తయారైంది. దాని గోడల మీద తలపాగాలు, నెలవంకలు ఉన్నాయి, పని మాత్రం అంగుళం అంగుళం ఫ్రెంచి వాళ్ళది. ఒట్టోమన్ సుల్తాన్లు తమవంతు వచ్చినప్పుడు 1856లో పూర్తయిన దోల్మాబాహ్చె ప్రాసాదాన్ని యూరప్ కుర్చీలతో, గాజు దీపాలతో నింపారు. ఎదుటివాడి ఇల్లు ఎప్పుడూ అందంగానే ఉంటుంది కదా.

గోధుమరంగు పరదా

ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అప్పట్లో ఒట్టోమన్ల ఏలుబడిలో ఉన్న సిరియా నగరం డమాస్కస్. అక్కడి ఇళ్ళలో అతిథుల గదులకు చేసిన చెక్కపనిని అజమీ అంటారు. దాన్ని చేసే తీరు చెప్పాలంటే కాస్త తీరిక కావాలి.

పాప్లర్ వంటి చెక్క పలకల మీద ముందు డిజైన్ గుర్తు పెడతారు. జిప్సం, జిగురు కలిపిన పలచటి ముద్దను బ్రష్‌తో పువ్వుల గీతల మీద పోస్తూ పోతే ఆరాక అది ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఇళ్ళ ముందు ముగ్గు గట్టిపడి చేతికి తగిలేంత మందమైతే ఎలా ఉంటుందో అలా. ఆ ఉబ్బు మీద కొన్నిచోట్ల తగరం రేకు, కొన్నిచోట్ల బంగారు రేకు అతికిస్తారు. తగరం మీద ఎరుపో ఆకుపచ్చో పారదర్శకమైన రంగు పూస్తే లోపలి లోహం మెరుపు రంగులోంచి బయటికి వస్తుంది. పసుపు పూస్తే అచ్చం బంగారమే. మిగిలిన నేలను గుడ్డు సొన కలిపిన రంగులతో, మెరుపు లేకుండా, మట్టుగా వదిలేస్తారు. అసలు రహస్యం అదే. ఒకే పలక మీద మెరిసేదీ మెరవనిదీ పక్కపక్కన ఉంటాయి. రాత్రి దీపం వెలుగులో మనిషి కదిలినప్పుడల్లా ఒక పువ్వు వెలుగుతుంది, ఇంకోటి ఆరుతుంది.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇలాంటి గది ఒకటుంది. దాని మీద హిజ్రీ 1119, అంటే 1707 అని ఏడాది రాసి ఉంది. 1970లో హగోప్ కెవోర్కియన్ నిధి దాన్ని మ్యూజియానికి ఇచ్చింది. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది పిల్లల్ని తీసుకుని ఆ మ్యూజియానికి వెళ్తుంటారు, ఈ గది ముందు నుంచీ నడిచే ఉంటారు. లోపలికి తొంగిచూస్తే గాఢమైన గోధుమరంగు, తేనె రంగు, మసక బంగారం. "ఆహా, ఎంత ప్రాచీన గాంభీర్యం" అనిపిస్తుంది. ఆ గాంభీర్యం డమాస్కస్ రంగరిది కాదు. ఇల్లు కళగా కనిపించాలని యజమానులు ఏళ్ళ తరబడి వేయించిన వార్నిష్ అది. వార్నిష్ కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. దాని కింద నీలం ఆకుపచ్చగా, తెలుపు బంకమట్టి రంగుగా కనిపిస్తాయి. మెరిసేదానికీ మట్టుదానికీ ఉన్న తేడా పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, ఎందుకంటే వార్నిష్ అన్నిటినీ ఒకేలా మెరిపిస్తుంది.

మరి అసలు రంగులు ఎలా ఉండేవి? జవాబు జర్మనీలోని డ్రెస్డెన్‌లో దొరికింది. కార్ల్ ఎర్న్‌స్ట్ ఓస్ట్‌హౌస్ అనే కళాసేకర్త 1899లో డమాస్కస్ నుంచి ఒక గది మొత్తం కొన్నాడు. 1810-11 నాటి గది అది. 1930లో అది డ్రెస్డెన్ మ్యూజియానికి చేరింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు విడదీసిన పలకలుగానే సామాన్ల గదిలో ఉండిపోయింది. 1997లో దాన్ని బయటికి తీసి పని మొదలుపెట్టారు. ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి మేలు చేసింది, దాని మీద తర్వాతి వార్నిష్ పడలేదు. పైనున్న మురికి తీసేసరికి గులాబీ, ఆకాశనీలం, నారింజ, వెండి మెరుపు బయటపడ్డాయి. మన పెళ్ళిపందిరి లాంటి రంగులు. తూర్పు దేశాల ఇల్లంటే చీకటిగా, మత్తుగా ఉంటుందని యూరప్ వాళ్ళు ఊహించుకున్న బొమ్మకు ఆ గోధుమరంగు వార్నిష్ కూడా సాయం చేసిందని నా నమ్మకం.

ఎవరి కోసం ఎవరు చేశారు

చేసిన ఊరు, వాడిన ఊరు వేరైనప్పుడు చీటీలు బాగా తడబడతాయి. 1532లో సులేమాన్ సుల్తాను కోసం నాలుగు అంతస్తుల బంగారు కిరీట శిరస్త్రాణం తయారైంది వెనిస్ కంసాలుల చేతుల్లో. అదే శతాబ్దంలో వెనిస్ పెద్దలు తమ ఊరేగింపుల కోసం తోలు డాళ్ళ మీద తుర్కు అల్లికలు గీయించుకున్నారు. అవి ఇప్పటికీ అక్కడి డోజ్, అంటే వెనిస్ పాలకుడి, ప్రాసాదం ఆయుధాగారంలో ఉన్నాయి.

18వ శతాబ్దానికి ఇది పెద్ద వ్యాపారమైపోయింది. లండన్‌లో మార్క్‌విక్ మార్కమ్, జార్జ్ ప్రయర్ వంటి గడియారాల వాళ్ళు తుర్కు అంకెల ముఖాలతో, గుమ్మటం లాంటి నెత్తితో గడియారాలు చేసి ఇస్తాంబుల్‌కు పంపారు. బొమ్మల్లో మనుషులు ఉండరు, పూలు, నీళ్ళు, ఇళ్ళు మాత్రమే. 1710లో మొదలైన మైసెన్ పింగాణీ కర్మాగారం తుర్కు కాఫీ కోసం పిడి లేని చిన్న కప్పులు చేసింది. పిడి లేని కప్పు వేడికి చేయి కాలకుండా జర్ఫ్ అనే లోహపు తొడుగులో పెట్టి పట్టుకుంటారు. ఆ తొడుగుల్లో రంగుల ఎనామెల్ చేసిన ఖరీదైనవి 19వ శతాబ్దంలో జెనీవా నుంచి వచ్చాయి. జెనీవా తొడుగు, జర్మనీ కప్పు, యెమెన్ కాఫీ, తాగేది ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి ఒడ్డున. దీన్ని ఏ దేశపు వస్తువంటారు?

గాజు సంగతి ఇంకా చిక్కు. ఇస్తాంబుల్ దగ్గర బేకోజ్‌లో గాజు కార్ఖానాలు ఉండేవి. మెహ్మెద్ దెదె అనే మెవ్లెవీ శాఖ సూఫీ సాధువు వెనిస్ వెళ్ళి పని నేర్చుకుని వచ్చాడని చెబుతారు. తెలుపు, నీలం గీతలు మెలితిరిగే "చెష్మె బుల్బుల్", అంటే బుల్బుల్ పిట్ట కన్ను, అక్కడి పేరుపొందిన రకం. ఆ మెలిక వెనిస్ గాజుదే. పైగా బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) గాజువాళ్ళు అచ్చం తుర్కులకు నచ్చేలా బంగారు పూలతో సరుకు చేసి పంపేవారు కాబట్టి, ఇవాళ అంగడిలో "బేకోజ్" అని పిలిచే సీసాల్లో గణనీయమైన భాగం బొహీమియావే.

ఇజ్నిక్ పింగాణీకి జరిగింది మరీ అన్యాయం. వాయవ్య అనతోలియాలోని ఇజ్నిక్ ఊళ్ళో 16వ శతాబ్దం రెండో సగంలో చేసిన పళ్ళేలు, పలకల మీద ఎరుపు వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది. అంత ప్రత్యేకమైన పని. ప్యారిస్‌లోని క్లూనీ మ్యూజియం 1865 నుంచి పుష్కరకాలం పాటు రోడ్స్ ద్వీపంలోని లిందోస్‌లో కొన్న ఐదు వందలకు పైగా పళ్ళేలను చూసి, అవి ఆ ద్వీపంలోనే తయారయ్యాయనుకున్నారు. దాంతో ఇజ్నిక్ సరుకంతా ఎంతోకాలం "రోడ్స్ పింగాణీ" అయి కూర్చుంది. దొరికిన చోటును పుట్టిన చోటనుకోవడం ఈ రంగంలో పాత జబ్బు. ఆ మోజు చూసి ప్యారిస్‌లో సామ్సన్, ఫ్లోరెన్స్‌లో కాంతగల్లి అదే తీరు పళ్ళేలు చేశారు. కాంతగల్లి అడుగున కోడిపుంజు గుర్తు ఉంటుంది. ఎవరైనా ఆ పుంజును గీకేస్తే అది 300 ఏళ్ళు ముసలిదైపోతుంది.

కాలం వేసిన ముద్రలు

వయసు తేల్చడంలో రంగులే సాక్షులు. ప్రష్యన్ నీలం 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. కృత్రిమ అల్ట్రామెరీన్ 1820ల చివరిది. టైటానియం తెలుపు మొదటి ప్రపంచయుద్ధం కాలంలో గానీ అంగట్లోకి రాలేదు. 1750 నాటిదని చెప్పే బల్ల పూరేకుల అసలు పొరలో టైటానియం ఉంటే ఇక వాదన అనవసరం. దీనికి ప్రయోగశాల కావాలి, నిజమే. ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. చెక్క పొడవులో తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది, కాబట్టి పాత గుండ్రటి బల్లను టేపుతో కొలిస్తే కాస్త కోలగా తేలుతుంది. వెనక పలక మీద రంపపు గాట్లు వంపు తిరిగి ఉంటే అది గుండ్రటి యంత్ర రంపం, 19వ శతాబ్దం పని. అతినీలలోహిత టార్చి వేస్తే లక్క పాలిష్ నారింజగా వెలుగుతుంది, పాత చెట్టు బంకలు పచ్చగా, ఈమధ్య దిద్దిన మచ్చలు నల్లగా.

నాకు అన్నిటికంటే నచ్చే సాక్షి పురుగు. చెదపురుగు కాదు, చెక్కను తొలిచి గుండుసూది తలంత రంధ్రం చేసి బయటికి వచ్చే పురుగు. ఆ రంధ్రం పూతను చీల్చుకుని బయటికి వచ్చిందా, పూత రంధ్రంలోకి దిగిందా చూడాలి. రంధ్రం గోడలకు రంగు అంటుకుని ఉంటే, పురుగు వెళ్ళిపోయాక రంగు వేశారన్నమాట. రంధ్రానికి బదులు పైన పొడుగాటి కాలువ కనిపిస్తే, పాత చెక్కను కోసి కొత్త సామాను చేశారన్నమాట.

ఆల్ప్స్ కొండల పల్లెల్లో, బవేరియాలో, ఆస్ట్రియాలో చేసిన పెళ్ళిపెట్టెల మీద పెళ్ళికూతురి పేరులోని అక్షరాలు, ఏడాది రాసి ఉంటాయి. మన సారె లాగే ఆ పెట్టె, బీరువా బండికెక్కించి ఊరంతా కనిపించేలా అత్తారింటికి తోలేవారు. చవక స్ప్రూస్ చెక్క మీద గులాబీలు, పాలరాయి గీతలు. ఆ ఏడాది అంకెల్ని చూడగానే నమ్మేయకండి, అంకె వేసిన రంగు పక్క పువ్వు వేసిన రంగుతో పాటే చిట్లిందో లేదో చూడండి.

ఇలాంటి పెట్టెలు ఎన్నో 20వ శతాబ్దంలో ఇంగ్లండులో కాస్టిక్ సోడా తొట్లలో మునిగి "సహజమైన పైన్" అయి తేలాయి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ భోషాణం గుర్తుకొస్తుంది. మామయ్య పెళ్ళికి ఇల్లంతా రంగులు వేయిస్తూ, మిగిలిన గోధుమరంగు ఎనామెల్‌ను పెయింటరు చేత దానికీ కొట్టించారు. ఎవరి తప్పూ కాదు, అందరూ కళగా ఉందనే అనుకున్నారు. చాలా ఏళ్ళకు తాళం పట్టీ ఊడినప్పుడు దాని కింద అరచేతిలో పట్టేంత పాత పొర బయటపడింది. జాజు ఎరుపు మీద సన్నటి పసుపు గీతలు, మధ్యలో సగం పువ్వు. మిగతా సగం పువ్వు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

కొనాలనుకునేవాళ్ళకు చట్టం కూడా తెలియాలి. మన దేశంలో వంద ఏళ్ళు దాటిన ఇలాంటి వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, వాటిని ఎగుమతి చేయకూడదు, అమ్మేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. తుర్కియేలో 1983 చట్టం ఇంకా కఠినం. సిరియా నుంచి యుద్ధకాలంలో బయటికి తరలిన వస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లో నిషేధించింది. డమాస్కస్, అలెప్పో పలకలు అమ్మకానికి వస్తే అవి ఎప్పుడు, ఎలా బయటికి వచ్చాయో కాగితం అడగండి. కాగితం లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కొనకుండా కళ్ళు తిప్పి చూడాలంటే హైదరాబాదులోనే సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ సామాన్ల గదులున్నాయి. అక్కడ కుర్చీల ముందుభాగం కంటే కాళ్ళ అడుగులు, వెనక పలకలు వంగి చూడండి.

అలెప్పో పేరు వచ్చింది కాబట్టి ఒక్క గది గురించి చెప్పి ఆపుతాను. ఇప్పటికి మిగిలిన సిరియా ఒట్టోమన్ గదుల్లో పాతది అదే. అలెప్పోలోని జుదైదా పేటలో ఈసా బిన్ బుత్రుస్ అనే క్రైస్తవ వర్తకుడు 1600-1603 మధ్య తన అతిథుల గదికి చేయించుకున్నాడు. 1912లో బెర్లిన్ మ్యూజియం దాన్ని కొంది. ఎర్రటి నేల మీద యేసు చివరి భోజనం, బాలయేసుతో మరియమ్మ, ఇస్సాకు బలి, కొంచెం పక్కన లైలా మజ్నూలు, ఇంకాస్త ముందుకు వేటగాళ్ళు, డ్రాగన్లు. అరబ్బీలో కీర్తనలు, సామెతలు, పారశీక పద్యాలు. ఆ గదిలో ఎవరు కూర్చున్నా, ఏ మతం వాళ్ళైనా, తమకు తెలిసిన బొమ్మ ఒకటి ఎదురుగా కనిపించేది. 2012 తర్వాతి యుద్ధంలో అలెప్పో పాతబస్తీ దారుణంగా దెబ్బతింది. ఈ పలకలు అప్పటికి వందేళ్ళుగా బెర్లిన్‌లో ఉన్నాయి.

ఇంత పెద్ద పనిలో పేరు లేని చేతులే ఎక్కువ. వెనిస్ బల్లల మీద సంతకాలు దాదాపు దొరకవు, డమాస్కస్ పలకల మీద యజమాని గురించి పద్యాలే ఉంటాయి. అలెప్పో గదిలో మాత్రం రాతల మధ్య రంగరి తన పేరు రాసుకున్నాడు: హలబ్ షా బిన్ ఈసా. హలబ్ అంటే అలెప్పో.